ముందు చక్రముల ముచ్చట

ఈ ప్రత్యేక సంచికకు ఏదైన ఒక సాంస్కృతిక వ్యాసము వ్రాయుమని సంపాదకులు నన్నడిగినప్పుడు, నాకు సాహిత్యములో గాని సంగీతములో గాని చెప్పదగిన ప్రవేశము లేదని మనవి చేసికొంటిని. "మీకు తెలిసినదే వ్రాయండి" అని వారనిరి. నాకు కొంచెము లోతుగ తెలిసినవి రెండే విషయములు. ఒకటి జమాఖర్చుల లెక్క. అది నా జీవనోపాధి. రెండవది, పాత మోటారుకారు ముందు చక్రములు గతుకు తగిలినప్పుడు తమంతట తాము ఏల తిరుగునన్నది. మొదటిదానిని ఎవరును ఆనందముతో చదువరు. కావున రెండవదానిని ఎన్నుకొంటిని. ఇది నేను ముచ్చటపడి నేర్చిన విద్య కాదు. ఒక మనిషికి అన్యాయము చేసిన పిమ్మట, ఆ అన్యాయమెట్లు జరిగెనో తెలిసికొనవలసివచ్చి నేర్చినది.

మా కుటుంబము నెల్లూరుసీమనుండి చెన్నపట్టణమునకు వచ్చి మూడు తరములైనది. మా తండ్రిగారు 1966 లో ఒక అంబాసిడరు కారు కొనిరి. ఆ రోజులలో డబ్బు కట్టి సంవత్సరములు వేచియుండినగాని కారు చేతికి వచ్చెడిది కాదు. ఆ బండి వంగదేశమున ఉత్తరపాడాలో తయారైనదే యైనను, దాని పుట్టుక ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ సీరీసుది. అంతకుముందు మా ఇంట ఒక పాత ల్యాండ్‌మాస్టరు ఉండెను. దానిని నడుపుటకు 1958 లో నాయుడుపేట దగ్గరి పల్లెనుండి ఒకాయన వచ్చెను. అప్పటికి నాకు పండ్రెండేండ్లు. మేమందరము ఆయనను డ్రైవరన్న అని పిలిచెడివారము. నాకు కారు నడుపుట నేర్పినది ఆయనయే. తెల్లవారుజామున మెరీనా రోడ్డున నన్ను స్టీరింగు ముందు కూర్చుండబెట్టి, "నిండుచెంబు పట్టుకున్నట్టు పట్టుకో బాబూ, పిసకొద్దు" అనెడివాడు. ఆయన నడుపుచుండగా వెనుక కూర్చున్న మా అమ్మగారు నిద్రపోవుచుండిరి. అంతకంటె వేరు యోగ్యతాపత్రము అక్కరలేదు.

1977 లో మా తండ్రిగారు కాలధర్మము నొందిరి. నాటినుండి డ్రైవరన్న నన్ను "బాబూ" అనుట మాని "బాబుగారూ" అనసాగెను. నేనది గమనించితిని గాని వలదనలేదు.

మరుసటి సంవత్సరము చెన్నపట్టణమున ఈశాన్యఋతుపవన వర్షములకు మా వీధి ఎప్పటివలెనే చెరువైనది. నీటిక్రింద కానరాని రాయి యొకటి బండి అడుగుభాగమునకు తగిలెను. పండ్రెండేండ్ల బండి, ముందుభాగము కొంచెము కుంగియున్నది, ఎత్తించుట మంచిదని ఒక షెడ్డువారు చెప్పిరి. ఆ మాట నాకు యుక్తముగ తోచెను. డ్రైవరన్న మాత్రము, "కుంగిందేమో ఒక అరంగుళం ఉంటుంది, అంతవరకే ఎత్తమనండి" అనెను. నేను వినలేదు. షెడ్డువారు ముందుభాగమును రెండంగుళములకు పైగ ఎత్తిరి. ఎడమప్రక్క మరికొంత ఎక్కువ. బండి మునుపటికంటె ఠీవిగ కనిపించెనని నేను సంతోషించితిని కూడ.

ఎత్తుట ఎట్లు సాధ్యమో ఇచ్చట చెప్పవలెను. అంబాసిడరు ముందు చక్రములకు చుట్టల స్ప్రింగులు లేవు. టార్షన్ బార్ అనబడు పొడవైన ఉక్కుకడ్డీలు రెండు బండి క్రింద నిలువునా అమర్చియుండును. కడ్డీ యొక్క ఒక కొన చక్రమును మోయు క్రిందిచేతికి, రెండవ కొన వెనుకగ బండి అడుగుభాగమునకు బిగించియుండును. చక్రము పైకి లేచినప్పుడు కడ్డీ మెలిపడును. ఆ మెలి విడివడవలెనను పట్టుదలయే స్ప్రింగు పనిచేయును. వెనుకకొన పట్టును కొంచెము త్రిప్పి బిగించినచో బండి లేచును, వదలినచో దిగును. ఒక పూటలో ముగియు పని. పని తేలిక యగుటయే ఇందలి చిక్కు.

1979 మాఘమాసమున నెల్లూరులో పెండ్లికి పోయి తిరిగి వచ్చుచుంటిమి. సూళ్ళూరుపేట దాటి తడ చేరకముందు రోడ్డుపై ఒక కల్వర్టు ఉండెను. దానికి చేరువలో మట్టి కుంగి, ఎడమ అంచున గతుకు ఏర్పడియుండెను. వేగము గంటకు ఎనుబది కిలోమీటర్లకు లోపే. ఎదుట లారీ వచ్చుచున్నది. ఎడమ చక్రము గతుకులో పడి లేచిన క్షణమున బండి చివుక్కున కుడివైపు దూకి, వెంటనే ఎడమకు విదిలించుకొనెను. లారీ మమ్ము రాచుకొన్నట్లు పోయెను. మా అమ్మగారు మేల్కొని రామనామము పట్టుకొనిరి. కొంతదూరము పోయి డ్రైవరన్న బండి నాపి, తన రెండు చేతులను తానే చూచుకొని, "నా చేతులు కదల్లేదు బాబుగారూ. బండే పోయింది" అనెను.

చదువరులు నా స్థానమున నుండి ఆలోచింపవలెను. ప్రక్కసీటున కూర్చున్నవానికి ఏమి కనబడును? బండి కుడికి పోయినది, మరల ఎడమకు వచ్చినది. డ్రైవరు తత్తరపడి త్రిప్పి, మరల సరిదిద్దుకొన్నచో సరిగ ఇట్లే యుండును. ఆయన వయస్సు అప్పటికి ఏబదియైదు. కునుకుపాటు కావచ్చునని, చూపు తగ్గినదేమో యని నాకు తోచెను. కంటివైద్యుని వద్దకు పంపితిని. దూరపుచూపు నిక్షేపముగ నున్నదని ఆయన చెప్పెను. బండిని చక్రముల అలైన్‌మెంటు చూచు చోటికి పంపితిని. అన్ని కొలతలు సరిగ నున్నవని చీటీ ఇచ్చిరి. కంటిలో లోపము లేదు, బండిలో లోపము లేదు. కావున మనిషిలోనే ఉన్నదని నేను తీర్పు చెప్పుకొంటిని. ఒక మాసములో మరి రెండుమారులు అట్లే జరిగెను. చైత్రమున ఆయనను పిలిచి, ఇరువది సంవత్సరములు శ్రమపడినారు, ఇక విశ్రమింపుడు అని, కొంత పైకము చేతిలో పెట్టితిని. ఆయన పైకమును లెక్కపెట్టలేదు. తాళపుచెవిని నాకీయక, మా తండ్రిగారి పటము ముందు పెట్టి వెళ్ళిపోయెను.

క్రొత్త డ్రైవరు వచ్చెను. పడుచువాడు. అతనితోను బండి రెండుమారులు దూకెను. ఈ కాలపు కుర్రవాండ్రకు శ్రద్ధ లేదనుకొంటిని. ఆశ్వయుజమున ఒక ఆదివారము నేనే నడుపుకొనుచు రెడ్‌హిల్స్ వైపు పోవుచుండగా, రోడ్డు ఎడమ అంచున తారు విరిగిన చోట చక్రము పడి లేచెను. బండి కుడికి దూకెను. నా చేతులు స్టీరింగుపై నున్నవి. నేను వానినే చూచుచుంటిని. అవి వెంట్రుకవాసి యైనను కదలలేదు. స్టీరింగు నా చేతిలో తిరుగలేదు. బండి మాత్రము పోయినది. చెట్టుక్రింద ఆపి చాలసేపు కూర్చుంటిని. చలికాలము కాకున్నను చేతులు వణకినవి.

పుదుప్పేట సందులలో ఒక మేస్త్రీ షెడ్డు ఉండెడిది. పాత సామానుకు ఆ పేట, క్రొత్త సామానుకు జనరల్ పాటర్స్ రోడ్డు అని చెన్నపట్టణమున మోటారు గలవారందరికి తెలిసినదే. ఈ మేస్త్రీ పూర్వులు ఎప్పుడో తెలుగుదేశమునుండి వచ్చినవారు. ఇంట తెలుగు మాటలాడును, లెక్క తమిళమున వ్రాసికొనును. మనవంటివారి కథయే. షోలవరములో యుద్ధకాలమునాటి పాత విమానపుదారిపై ఏటేట మోటారు పందెములు జరిగెడివి గదా; ఆ పందెపు బండ్లను సిద్ధము చేయుటలో ఆయనకు పేరు. ఇరుంగాట్టుకోట్టైలో పందెములకై ప్రత్యేకముగ దారి ఏర్పడినది 1990 లో. అంతకుముందు మద్రాసువారికి షోలవరమే కురుక్షేత్రము.

నేను జరిగినదంతయు చెప్పితిని. అలైన్‌మెంటు చీటీ చూపితిని. ఆయన చీటీని చదువక మడిచి ఇచ్చి, "బండిని నిలబెట్టి కొలిచినారు సార్. చక్రం ఎగిరేటప్పుడు ఎవరూ కొలవలేదు" అనెను. వృత్తిరీత్యా నాకు సిగ్గుపడవలసిన మాట. మార్చి 31 వ తేదీ సాయంకాలపు నిల్వను చూచి సంవత్సరమంతయు వ్యాపారము సజావుగ నడచినదని నమ్మువానిని నేను ఎన్నిమారులు పరిహసింపలేదు!

పిమ్మట ఆయన సుద్దముక్క తీసికొని షెడ్డు నేలపై పాఠము చెప్పెను. నేను విన్న పాఠములలో అంత స్పష్టమైనది మరొకటి లేదు. నాకర్థమైనంతవరకు దానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందు చక్రమును పట్టుకొన్న చేతులు మూడు. పైన ఒక పొట్టిచేయి, క్రింద ఒక పొడుగుచేయి. ఈ రెండు చక్రమును బండికి అంటిపెట్టి, పైకి క్రిందికి ఆడనిచ్చును. మూడవది టై రాడ్డు. అది చక్రమును మోయదు. స్టీరింగునకు సంబంధించిన ర్యాకునుండి వచ్చి, చక్రపు ముఖము ఎటు తిరుగవలెనో నిర్ణయించును. మూడింటికి లోపలికొన కదలని కీలు, వెలుపలికొన చక్రముతోబాటు ఎగురును. కీలుపై తిరుగు ఏ కడ్డీ కొన యైనను వృత్తఖండమునే గీయును. మన పల్లెలో ఏతపుమాను కొన గీయునట్లు. పొడుగు కడ్డీ పెద్దవంపు గీయును, పొట్టిది చిన్నవంపు గీయును. ఇప్పుడు ప్రశ్న ఒక్కటే: పైచేయి, క్రిందిచేయి కలిసి చక్రమును ఏ వంపున తీసికొనిపోవునో, టై రాడ్డు కొన ఆ వంపుననే పోవునా, పోదా?

పోయినచో చిక్కులేదు. చక్రము ఎంత ఎగిరినను దాని ముఖము నేరుగ నుండును. పోనిచో, చేతులు చక్రమును ఒక దారిన లాగుచుండగా టై రాడ్డు మరొక దారిన నెట్టును. టై రాడ్డు సాగదు, కుంచింపదు. కావున చక్రమే తిరుగవలెను. ఒకే దూలమునకు వ్రేలాడదీసిన రెండు ఉయ్యాలలు, గొలుసులు మాత్రము వేరువేరు పొడవులవి అనుకొనుడు. రెండు పీటలను త్రాటితో కలిపి ఊపినచో త్రాడు మధ్యమధ్య చివుక్కుమని లాగును గదా. ఆ లాగుటయే ఇది.

ఇంగ్లీషువారు దీనిని బంప్ స్టీర్ అందురు. మన భాషలో పేరు లేదని నేను విచారింపగా, మన సంఘములోని ఒక పండితమిత్రులు ఉద్ఘాతభ్రమణము అని సెలవిచ్చిరి. మేస్త్రీకి చెప్పితిని. ఆయన నవ్వి, "ఆ పేరు విని చక్రం నిజంగానే తిరుగుతుంది సార్" అనెను. ఆయన వాడుకలో అది కుదుపుమలుపు. నాకదియే బాగున్నది.

కొలతకు ఒక సూత్రము కలదు. మేస్త్రీ దానిని దారములతో చూపెను. పైచేయి గీతను, క్రిందిచేయి గీతను బండి లోపలివైపునకు పొడిగించినచో రెండును ఒకచోట కలియును. ఆ క్షణమున చక్రము ఆ కలియు చోటును కేంద్రముగ గొని ఊగుచున్నదని అర్థము. టై రాడ్డు గీతయు సరిగ ఆ చోటినే చూడవలెను. అంతియే గాక, దాని లోపలి కీలు, రెండు చేతుల లోపలి కీళ్ళను కలుపు గీతకు చేరువలో నుండవలెను. మొదటిది ఎత్తునకు సంబంధించిన నియమము, రెండవది పొడవునకు సంబంధించినది. ఎత్తు తప్పినచో చక్రము పైకి లేచినప్పుడు ఒకవైపునకు, క్రిందికి దిగినప్పుడు రెండవవైపునకు తిరుగును. పొడవు తప్పినచో లేచినను దిగినను ఒకేవైపునకు తిరుగును. వైద్యుడు నాడి చూచినట్లు, ఈ భేదమును బట్టియే తప్పు ఎచ్చటనున్నదో మేస్త్రీ పోల్చును.

ఈ నియమములు అన్ని ఎత్తులయందు సంపూర్ణముగ నెరవేరుట అసాధ్యము. బండిని నిర్మించినవారు, అది మామూలుగ నిలుచు ఎత్తునకు ఇరుప్రక్కల కొన్ని అంగుళములలో వంపులు రెండును ఇంచుమించు ఏకీభవించునట్లు అమర్తురు. ఆ అంగుళములే వారు మనకిచ్చిన భూమి. దానిని దాటి పోయినకొలది వంపులు ఎడమగును. షెడ్డువారు మా బండిని రెండంగుళములు ఎత్తుటచేత అది నిలుచున్నప్పుడే ఆ భూమి సరిహద్దుకు చేరెను. కడ్డీలన్నియు బయటికి ఏటవాలుగ దిగియున్నవి. ఆ పైన అలైన్‌మెంటువారు టై రాడ్డు కొనలను త్రిప్పి, ఆ వంకర ఎత్తుననే చక్రములను నేరుచేసి చీటీ ఇచ్చిరి. వారి చీటీ అబద్ధము కాదు. నిలిచియున్న బండికి అది సత్యమే.

"పందెపు పిల్లలు బండిని దించుతారు, మీరు ఎత్తినారు. తప్పు ఒకటే" అని మేస్త్రీ అనెను. పందెమునకు బండి నేలకు దగ్గరగ నుండవలెనని స్ప్రింగులను కుదించి, షోలవరపు కాంక్రీటు అతుకులపై బండి నాట్యమాడుచుండగా ఆయనవద్దకు పరుగెత్తుకొని వచ్చెడివారట. ఆ విధముగ ఆయనకీ విద్య అబ్బినది.

ఊహ సరే, రుజువు కావలెనంటిని. మరునాడే పరీక్ష పెట్టెను. బండిని బల్లలపై నిలిపి, టార్షన్ బార్ల బిగువు వదలి, చక్రము నూడదీసి, దాని స్థానమున బ్రేకు డ్రమ్ముకు ఒక నున్నని టేకుబల్లను నిలువుగ బిగించెను. దానికెదురుగ నేలపై మరొక పలకను కదలకుండ నిలిపెను. డ్రమ్ముక్రింద జాకీ పెట్టి అంగుళము అంగుళముగ లేపుచు, ప్రతి అంగుళమునకు టేకుబల్ల ముందంచునుండి పలకకు ఎంత, వెనుకంచునుండి ఎంత అని కొలిచి చెప్పుచుండెను. నేను నోటుపుస్తకమున వ్రాయుచుంటిని. ఒక్క అంచు కొలత చాలదు. చక్రము లేచునప్పుడు ప్రక్కకును కొంచెము జరుగును. రెండు కొలతలకు గల వ్యత్యాసమే అసలు తిరుగుడు. స్టీరింగు కదలకుండ త్రాటితో కట్టియుంచితిమి. ఇది ముఖ్యము.

ఎడమ చక్రపు లెక్క ఇది. నిలిచియున్న ఎత్తున వ్యత్యాసము సున్న. ఒక అంగుళము లేపగా అంగుళములో పదునారవ వంతు, రెండంగుళములకు ఎనిమిదవ వంతు, మూడంగుళములకు పదునారింట మూడు వంతులు. అన్నియు చక్రపు ముక్కు లోపలికి, అనగా కుడివైపునకు తిరిగినట్లు. దించినచో దానికి విపరీతముగ, ముక్కు వెలుపలికి. మూడంగుళముల కదలికకు డిగ్రీలో ముప్పాతిక వంతు తిరుగుడు. కాగితముపై అల్పము. కాని గంటకు ఎనుబది కిలోమీటర్లనగా సెకనుకు ఇరువదిరెండు మీటర్లు. ఆ వేగమున లారీ ఎదురుగ నున్నప్పుడు ముప్పాతిక డిగ్రీ అల్పము కాదు.

తడ కల్వర్టు వద్ద జరిగినదంతయు ఆ నాలుగు పంక్తులలో నున్నది. ఎడమ చక్రము లేచినది, కుడికి తిరిగినది, బండి కుడికి దూకినది. గతుకు దాటి చక్రము దిగినది, ఎడమకు తిరిగినది, బండి ఎడమకు విదిలించుకొన్నది. స్టీరింగు త్రాటితో కట్టియుండగనే ఇది జరిగినది. డ్రైవరన్న చేతులు ఆనాడు ఆ త్రాడువలెనే యుండెను. రెండు చక్రములు ఒకేసారి ఎగిరినచో, ఇటుదానిది అటు, అటుదానిది ఇటు తిరిగి చాలవరకు ఒకదానినొకటి రద్దుచేసికొనును. బండి నేరుగనే పోవును. అందువలననే పట్టణములో చాలవరకు ఏమియు తెలియలేదు. ఒంటిచక్రపు గతుకు, దానికి తోడు వేగము రెండును కలిసిన చోటనే భూతము కనిపించెను.

పాతకార్లుంచుకొన్నవారు మన సంఘములో ఇంకను కొందరున్నారు గనుక ఒక మాట. అంబాసిడరు తయారీ 2014 లో నిలిచిపోయినది. మిగిలినవానిని ముచ్చటపడి బాగుచేయించుకొనువారు పెరిగినారు. మంచిదే. బండి దారి తప్పుచున్నదని తోచినప్పుడు మొదట మీ చేతులను చూచుకొనుడు. నేరురోడ్డున కూడ స్టీరింగు అటునిటు ఊరక తిరుగుచున్నచో అది కీళ్ళ అరుగుదల. గతుకు తగిలినప్పుడు స్టీరింగే మీ చేతిని తన్నినచో అది వేరు రోగము. చేతిలో స్టీరింగు నిశ్చలముగ నుండి, గతుకుననే బండి తప్పుకొన్నచో, ఎవరు బండి ఎత్తును మార్చిరో విచారింపుడు. బొంబాయి టాక్సీలుగ 2023 వరకు తిరిగిన ఫియటు జాతి బండ్లకు ర్యాకు లేదు, స్టీరింగు పెట్టె, దాని కెదురుగ మరొక కీలుచేయి, నడుమ మూడు ముక్కల కడ్డీ. అందు ఆ కీలుచేయి బుష్షు అరిగి వ్రేలాడినను ఎత్తు తప్పి ఇదే గతి పట్టును. స్ప్రింగు ఆకులు చేర్చి ఎత్తించిన జీపులకు చెప్పనక్కరలేదు. మన ఎద్దుబండికి స్ప్రింగే లేదు గనుక ఈ బాధ లేదు. నడుములు విరుగును గాని దారి తప్పదు.

మా బండికి చేసిన చికిత్స చెప్పుటకు రెండు వాక్యములు చాలును. టార్షన్ బార్లను వదలి, కుంగిన అరంగుళము మాత్రము సరిచేసి, రెండుప్రక్కల సమముగ బిగించి, చక్రములను మరల నేరుచేసెను. తిరిగి కొలువగా మూడంగుళముల ఎగురుటకు వ్యత్యాసము పదునారవ వంతునకు లోపు. అరంగుళము. డ్రైవరన్న చెప్పిన అరంగుళమే.

1980 సంక్రాంతి కనుమనాడు నేనొక్కడనే బండి నడుపుకొనుచు నాయుడుపేట దగ్గరి ఆ పల్లెకు పోయితిని. ఆయన ఇంటియరుగుపై కూర్చుండి పలుపుత్రాడు పేనుచుండెను. బండి మ్రోతను బట్టియే పోల్చెను గాబోలు, నేను దిగకముందే లేచి నిలుచుండెను. క్షేమసమాచారములైన పిదప ఏమి చెప్పవలెనో తోచక, జేబులోని సుద్దముక్క తీసి, అరుగుపై మేస్త్రీ గీచిన బొమ్మనే గీయ నారంభించితిని. మూడు చేతులు, మూడు వంపులు. ఆయన త్రాడు ప్రక్కన పెట్టి వంగి చూచెను. మనుమలు చుట్టును మూగిరి.

"గేటుకాడ పట్టాల మీద ఏమీ అనేది కాదే" అనెను.

"రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కుతాయి గదా అన్నా" అంటిని.

ఆయన తల యూచెను. నోటుపుస్తకము చూపితిని. చదువు అంతగా రాకున్నను అంకెలను వ్రేలితో ఒక్కొక్కటిగ దాటుచు పోయి, సున్న వద్ద ఆగెను. స్టీరింగును త్రాటితో కట్టి కొలిచితిమని చెప్పితిని. తప్పు నాదని చెప్పితిని. చాలసేపు ఆయన ఏమియు పలుకలేదు. తుదకు, "కళ్ళు బాగున్నాయని ఆ డాక్టరు చెప్పినాడు గదా బాబుగారూ. అప్పుడైనా..." అని, వాక్యమును ముగింపక, అరిసెలు తెమ్మని లోపలికి కేకవేసెను.

మరల మావద్దకు రమ్మంటిని. పొలము చూచుకొనవలెను, రానని చెప్పెను. కోపముతో అన్నట్లు లేదు. నిర్ణయించుకొన్నవాని మాటవలె నుండెను. నేను బయలుదేరునప్పుడు మాత్రము బండిచుట్టు ఒకమారు తిరిగి, ముందు చక్రము వద్ద కూర్చుండి, రెక్కకును చక్రమునకును నడుమ తన నాలుగు వ్రేళ్ళు పెట్టి చూచి, "తడ దాకా నేను తోలతా. అక్కడ బస్సెక్కి వచ్చేస్తా" అనెను. తాళపుచెవి ఇచ్చితిని.

సూళ్ళూరుపేట దాటితిమి. సాయంకాలపు టెండ కుడివైపునుండి పడుచుండెను. దూరమున కల్వర్టు తెల్లని గట్టు కనబడెను. అంచున గతుకు అట్లే యున్నది, ఎవరును పూడ్చలేదు. ఆయన వేగము తగ్గింపలేదు, గతుకును తప్పింపను లేదు. "చూసుకో బాబూ" అనెను. నేను రోడ్డును చూడలేదు. ఆయన చేతులనే చూచుచుంటిని. ఎడమ చక్రము పడి లేచెను. అద్దము క్రింది పెట్టెలో తాళములు గలగలలాడినవి. చేతులు కదలలేదు. బండి నేరుగ తడవైపు పోయెను.